ప్రశ్నకు జవాబు ఇవ్వండి: మత చరిత్ర రాసే పరిశోధకులకు నల్లగొండ నుంచి బహిరంగ లేఖ

గుళ్లు, మఠాలు, దర్గాలు, పురాణాలు, కులదేవతల మీద పరిశోధించి పుస్తకాలు రాస్తున్న రచయితలకు, వాటిని అచ్చువేస్తున్న ప్రచురణకర్తలకు, ముందుమాటలు రాస్తున్న ఆచార్యులకు,

నమస్కారం.

వివాదం రేగుతుందని తెలిసి కూడా మత చరిత్ర రాస్తున్న మీ శ్రమ మీద మాకు గౌరవం ఉంది. మిమ్మల్ని రాయడం మానుకొమ్మని అడగడం లేదు. రాసిన తర్వాత వచ్చే విమర్శకు ఎట్లా జవాబు చెప్పాలన్నదే ఈ లేఖ విషయం. విడిగా ఉత్తరాలు రాశాం, సభలో లేచి అడిగాం. ఫలితం లేకపోయాకే ఇట్లా అందరి ముందూ రాయవలసి వచ్చింది.

నేను నల్లగొండలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ లేఖ నా ఒక్కడిదే అనుకోకండి. మాలో ఒక శివాలయ అర్చకుడున్నారు, ఒక వకీలున్నారు, చరిత్రలో ఎం.ఏ. చేసిన యువకులున్నారు, మొహర్రంలో పీరు ఎత్తుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. దేవుణ్ణి నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఇద్దరూ ఉన్నారు. అచ్చులో పడ్డ మాటకు ఆధారం ఉండాలన్న దగ్గర మాత్రం మాలో భేదం లేదు.

జరిగిన సంగతి

మా ఉమ్మడి జిల్లాలోని ఒక ఊరి శివాలయం మీద కొన్నేళ్ల కింద ఒక పుస్తకం వచ్చింది. పుస్తకం పేరు, రచయిత పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరి మీదికీ జనాన్ని ఉసిగొల్పే ఉద్దేశం మాకు లేదు, ఆ ఊరు ఇప్పటికే పడాల్సినంత పడ్డది. ఆ గుడి ఒకప్పుడు జైన బసది, అంటే జైనుల గుడి అనీ, తర్వాత శైవులు దాన్ని ఆక్రమించారనీ, అప్పుడే కొన్ని కులాలను ఉత్సవం నుంచి తొలగించారనీ ఆ పుస్తకం సారాంశం.

ఇటువంటి మాట అనడమే తప్పని కొందరంటారు. మేం అనం. దక్షిణ తెలంగాణలో ఏ మతమూ ఒంటరిగా బతకలేదు. ఆలేరు దగ్గరి కొలనుపాకలో మాణిక్యదేవుడిగా కొలిచే ఆదినాథుడి జైన మందిరం ఉంది. అదే ఊళ్లో సోమేశ్వరాలయం ఉంది. వీరశైవుల ఆచార్యుడైన రేణుకాచార్యులు అక్కడి లింగం నుంచే వెలిశారని వాళ్ల నమ్మకం. జడ్చర్ల దగ్గర ఇటుకలతో కట్టిన జైన ఆలయ శిథిలం గొల్లత్తగుడి నిలబడి ఉంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ విహారాలు, తోరణ శిల్పాలు బయటపడ్డాయి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ల కింద మునగకముందు తవ్వినప్పుడు, ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిలో బౌద్ధ ఆరామాలతో పాటు దేవాలయాలు కూడా కనిపించాయి. అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి ఉన్న చోటే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఇటువంటి నేల మీద ఒక మతం తగ్గి ఇంకొకటి ఎట్లా పెరిగిందన్న ప్రశ్న రాకుండా ఎట్లా ఉంటుంది? అడగాలి. రాయాలి కూడా.

మా పట్టణం పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కందూరు చోళుల నాటిది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ ఒకటి పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. దాన్ని దైవమహిమగానే తరాలు చూశాయి. స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుతురుతో ఆ నీడ ఎట్లా ఏర్పడుతుందో మా ప్రాంతపు భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు నమూనా చేసి చూపించారు. జనం ఇవాళ కూడా ఆ నీడను చూడడానికి వస్తూనే ఉన్నారు, లింగానికి దండం పెట్టుకుంటూనే ఉన్నారు. ఆయన తన మాటను ఎవరైనా పరీక్షించి చూసుకునేట్టు అందరి ముందూ పెట్టారు. మేం మీ నుంచి కోరుతున్నదీ అంతే.

కాబట్టి ఆ పుస్తకం సిద్ధాంతంతో మాకు పేచీ లేదు. చూపిన ఆధారాలతోనే ఉంది.

మొదటిది శాసనం. బసదికి భూమి దానం చేసినట్టు చెప్పే రాతి శాసనమొకటి ఆ పుస్తకానికి ప్రాణం. అది ఈ ఊరి శాసనం కాదు. ఇదే పేరున్న ఇంకొక ఊరిది, వేరే తాలూకాది. మన దగ్గర ఒకే పేరుతో నాలుగైదు ఊళ్లుండడం మామూలే. అచ్చయిన శాసన సంపుటంలో తాలూకా పేరు స్పష్టంగా ఉంది, చూడాలనుకుంటే నిమిషం పని.

రెండోది ఉత్సవం. డప్పు కొట్టే కుటుంబాలను ఊరేగింపు నుంచి తొలగించారని పుస్తకం చెప్తుంది. ఆధారంగా ‘గ్రామస్థుల కథనం’ అన్న ఒక్క ముక్క ఉంది. మావాళ్లు పోయి ఆ కుటుంబాల పెద్దను అడిగారు. “మేం గట్ల ఎన్నడు చెప్పలేదు సార్. మమ్ముల అడిగినోడు కూడ లేడు. మా డప్పు మోగకుంటే ఆ రథం కదలదు” అన్నాడాయన. ఆ గుడి దగ్గర తమకు అవమానాలు జరగలేదని ఆయన అనలేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ప్రసాదం ఎవరి చేతికి ఎట్లా ఇచ్చేవాళ్లో, తన తాత కాలంలో ఏం జరిగిందో చాలాసేపు చెప్పాడు. అవేవీ పుస్తకంలో లేవు. జరగని సంగతి ఒకటి మాత్రం ఉంది. ఆ కుటుంబాల పక్షాన రాశానని చెప్పుకున్న పుస్తకం వాళ్ల గడపే తొక్కలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

ఈ రెండు విషయాలనూ శాసన సంపుటం పేజీల నకళ్లతో సహా రిజిస్టర్ పోస్టులో రచయితకు, ప్రచురణకర్తకు పంపాం. ముట్టినట్టు రశీదులు వచ్చాయి. జవాబు రాలేదు. తర్వాత ఒక సభలో మాలో ఒకతను లేచి అడిగితే అతని చేతిలోంచి మైకు లాక్కున్నారు. కొంతకాలానికి రెండో ముద్రణ వచ్చింది. శాసనం అట్లాగే ఉంది, ఉత్సవం అట్లాగే ఉంది. ఈ పుస్తకాన్ని ప్రశ్నించేవాళ్లు మతోన్మాదులని ముందుమాటలో ఒక వాక్యం కొత్తగా చేరింది.

అప్పటికే ఇంకొక గుంపు దిగింది. వాళ్లలో చాలామంది పుస్తకం తెరిచి చూసినవాళ్లు కారు. ఫ్లెక్సీలు కట్టారు, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు, రచయితకు ఫోన్లు చేసి బూతులు తిట్టారు, ఇంటిమీదికి వస్తామన్నారు. ఆ పనిని మేం అప్పుడూ ఖండించాం, ఇప్పుడూ ఖండిస్తున్నాం. కానీ ఆ తర్వాత పత్రికలతో మాట్లాడినప్పుడు రచయిత, తిట్టినవాళ్లనూ శాసనం నకలు పంపినవాళ్లనూ ఒకే గాటన కట్టేశారు.

దీనివల్ల ఎవరికి ఏమైంది

1. ఊరికి. మరుసటి ఏడు జాతర ముందు కమిటీ కూర్చున్నప్పుడు ఆ పుస్తకం నడిమికి వచ్చింది. డప్పు కుటుంబాలే రచయితకు లేనిపోనివి చెప్పి ఊరి పరువు తీశాయని కొందరు ఎత్తుకున్నారు. నోరు విప్పనివాళ్ల మీద నింద పడ్డది. మొత్తానికి జాతర పోలీసు బందోబస్తు నడుమ జరిగింది. గాజులు, బొమ్మలు, మిర్చిబజ్జీలు అమ్ముకునేవాళ్లు పొద్దుగూకకముందే సామాన్లు సర్దుకొని పోయారు. రచయిత నగరంలో ఉంటారు. నింద మోసే కుటుంబాలు ఆ ఊళ్లోనే ఉండాలి, అదే బాయి దగ్గర నీళ్లు తెచ్చుకోవాలి, అదే రైతు దగ్గర కూలికి పోవాలి.

2. శాసనాలకు. మన శాసనాల్లో చాలా భాగం మ్యూజియాల్లో లేవు. పొలం గట్టున, బాయి ఒడ్డున, గుడి మెట్ల పక్కన, బొడ్రాయి దగ్గర ఎండకు ఎండుతూ ఉన్నాయి. ఎన్నో రాళ్ల మీద సున్నం, ఆయిల్ పెయింటు పడి అక్షరాలు పూడిపోయాయి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు మట్టిలో కలిసినవీ ఉన్నాయి. మిగిలినవాటిని చదవాలంటే ఊరివాళ్లు రాయిని కడగనివ్వాలి, అక్షరాల అచ్చు తీసుకోవడానికి కాగితం అద్దనివ్వాలి, మధ్యాహ్నం ఇంత అన్నం పెట్టాలి. వలిగొండ బిడ్డ బి.ఎన్. శాస్త్రి గారు ఊరూరా తిరిగి శాసనాలు, గ్రామచరిత్రలు కూడగట్టగలిగారంటే ఊళ్లు ఆయన్ను నమ్మాయి గనకనే. ఆ నమ్మకం ఒక్క రచయిత సొత్తు కాదు, తర్వాత వచ్చే పరిశోధకులందరిదీ. ఇప్పుడు ఆ ఊళ్లో రాయి దగ్గరికి ఎవరినీ పోనివ్వడం లేదు. పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి వేరే విషయం మీద పోయినా “ఇంకేం రాస్తరమ్మా మా మీద” అని వెనక్కి పంపారు. ఆ అమ్మాయి చేసిన తప్పేంటి?

3. చదువుకునే పిల్లలకు. గ్రూప్స్ పరీక్షలకు తెలంగాణ చరిత్ర, సంస్కృతి చదవక తప్పదు. ఆ తప్పు శాసనం కోచింగ్ నోట్సుల్లోకి ఎక్కింది. నోట్సు నుంచి నోట్సుకు పోతుంది, అక్కడి నుంచి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లోకి పోతుంది. మూడోవాడు రాసేనాటికి దాని మొదలెక్కడో ఎవరికీ గుర్తుండదు.

4. ఆ గుడి అర్చకుడికి. ధూప దీప నైవేద్య పథకం కింద వచ్చే గౌరవవేతనం మీద ఇల్లు నడిపే మనిషి ఆయన. “ఈ గుడి మీది కాదంట కదా అయ్యగారూ” అని వచ్చినవాళ్లు అడుగుతుంటే ఏం చెప్పాలో ఆయనకు తెలియదు. పుస్తకంలోని మాట నిజమే అయితే అడిగించుకోవడం న్యాయం. వేరే ఊరి శాసనానికి ఈయన ఎందుకు జవాబుదారీ?

5. విమర్శకు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే అనుకుంటున్నాను. మా దగ్గరికి వచ్చే యువకుడొకడు అడిగాడు: “సార్, మీరు ఆధారాలు పెట్టి ఉత్తరం రాస్తే ఒక్క ముక్క జవాబు రాలే. వాళ్లు ఫ్లెక్సీ కడితే పేపర్ల పడ్డది, రచయిత లేచి మాట్లాడిండు. ఇంక ఉత్తరం రాసేదెందుకు?” ఆ పిల్లవాడికి నచ్చచెప్పడానికి నా దగ్గర ఒక్క ఉదాహరణ లేకుండా చేశారు మీరు. నెమ్మదిగా అడిగినవాడికి మౌనం, బెదిరించినవాడికి ప్రచారం దక్కుతుంటే రేపు అడిగేవాళ్లు ఏ దారి పడతారో మీరే ఆలోచించండి. ఆ దారిలో మొదట దెబ్బ తగిలేది మీకే.

బయట జరిగినవి, మన దగ్గర జరిగినవి

శివాజీ మీద జేమ్స్ లేన్ రాసిన పుస్తకం 2003లో వచ్చింది. అందులోని కొన్ని మాటల మీద మహారాష్ట్రలో అలజడి లేచింది. రచయిత అమెరికాలో ఉన్నారు. దెబ్బ మాత్రం పుణెలో ఆయనకు సాయం చేసినవాళ్లకు తగిలింది. ఒక సంస్కృత పండితుడి ముఖానికి నలుపు పూశారు. 2004 జనవరి 5న భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ మీద పడి పుస్తకాలు, రాతప్రతులు ధ్వంసం చేశారు. ఆ పుస్తకం మీద నిషేధం చెల్లదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. పాడైన రాతప్రతులను ఏ తీర్పు తిరిగి తేగలదు?

కర్ణాటకలోని ధార్వాడలో కన్నడ పరిశోధకుడు ఎం.ఎం. కల్బుర్గి గారిది ఇంకా ఘోరం. ‘వచనాలు’ అనే కన్నడ శివభక్తుల రచనల మీద, శాసనాల మీద అంత పని చేసిన మనిషి, 1989లో తన ‘మార్గ’ సంపుటంలోని వ్యాసాల మీద మఠాల ఒత్తిడి వచ్చి వెనక్కి తగ్గవలసి వచ్చింది. 2015 ఆగస్టు 30న ఆయన ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. రాసేవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదని మాకు తెలుసు. మీ ఇంటి తలుపు ఎవరో బాదితే మేం మీ పక్కన నిలబడతాం. కానీ కల్బుర్గి గారిని కాల్చినవాళ్లకూ, ఆయన వ్యాసంలోని తేదీని శాసనంతో సరిపోల్చి చూసే చదువరికీ మధ్య ఎంత దూరం ఉందో మీకు వేరే చెప్పాలా?

విమర్శ దారి తప్పకుండా సాగిన సందర్భం కూడా ఒకటి చెప్తాను. రామకృష్ణ పరమహంస మీద జెఫ్రీ క్రైపల్ రాసిన పుస్తకం 1995లో అమెరికాలో వచ్చింది. భక్తులకు అది చాలా కష్టం కలిగించిన పుస్తకం. బెంగాలీ మూలాన్ని చాలాచోట్ల తప్పుగా చదివారని విమర్శలు వచ్చాయి. 1998లో వచ్చిన రెండో ముద్రణలో ఆయన కొన్నిటిని దిద్దుకున్నారు, తన మూల సిద్ధాంతాన్ని వదులుకోలేదు. రామకృష్ణ సంప్రదాయానికి చెందిన స్వామి త్యాగానంద 2000లో వివరంగా విమర్శ రాశారు. 2010లో ప్రవ్రాజిక వ్రజప్రాణతో కలిసి దాన్నే పెద్ద పుస్తకంగా తెచ్చారు. ఆ గొడవ అంతటితో తీరిపోలేదు, అందరూ మర్యాదగానే మాట్లాడారనీ అనను. అయినా ఇవాళ చదివేవాడు రెండు పక్షాల పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకొని తానే తేల్చుకోవచ్చు. మాకు కావలసింది అంతే.

అంత దూరం పోకపోయినా మన దగ్గరే ఉంది దారి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి జవాబు చెప్పారు. పోతన ఓరుగల్లు దగ్గరి బమ్మెరవాడా, కడప సీమ ఒంటిమిట్టవాడా అన్న వాదం పండితుల మధ్య దశాబ్దాలు నడిచింది. పోతన అంటే భక్తి లేనివాళ్లెవరూ ఆ వాదంలో లేరు. అయినా పద్యాలు తీసి, కైఫీయతులనే పాత గ్రామ చరిత్రల రికార్డులు తీసి వాదించుకున్నారు. మత విషయం కాబట్టి మనవాళ్లు వాదం వినరన్న మాట నిజం కాదు.

మా డిమాండ్లు

1. ఆధారం జతచేసి, పేజీ నంబరు చూపించి రాసిన ప్రతి ఉత్తరానికీ రెండు నెలల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ‘ముట్టింది, చూస్తున్నాను’ అన్నా సరే. ఒప్పుకోనవసరం లేదు. ఎందుకు ఒప్పుకోరో చెప్పండి.

2. విమర్శలను విడదీసి చూడండి. బెదిరింపు వస్తే పోలీసుల దగ్గరికి పోవాలి, అందులో మొహమాటం వద్దు. తప్పు చూపిస్తే సరిచూడాలి. మీ వ్యాఖ్యానమే నచ్చలేదంటే మీ వాదాన్ని ఇంకొకసారి వివరించాలి, అంతకుమించి మీ బాధ్యత లేదు. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. పాత ఐపీసీలోని 295ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ అయింది. మతభావాలను కించపరచాలని బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో చేసిన పనికే ఆ సెక్షన్ వర్తిస్తుందని 1957లోనే రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పొరపాటున వేరే ఊరి శాసనం వాడుకోవడం నేరం కాదు. అందుకే దాన్ని ఒప్పుకోవడానికి భయపడనక్కర లేదు. శాసనం ఏ ఊరిదో తేల్చే చోటు పోలీసు స్టేషన్ కూడా కాదు.

3. తప్పొప్పుల పట్టికను మళ్లీ తీసుకురండి. చాలా పాత తెలుగు పుస్తకాల్లో అది ఉండేది, దానివల్ల ఏ పండితుడి గౌరవమూ తగ్గలేదు. రెండో ముద్రణ వేసేటప్పుడు మొదటి ముద్రణ మీద వచ్చిన అభ్యంతరాలేమిటో, వాటిలో ఏవి ఒప్పుకున్నారో, ఏవి ఒప్పుకోలేదో రెండు పేజీలు రాయండి. చూపించిన తప్పును అట్లాగే ఉంచడం ఎంత అన్యాయమో, చెప్పకుండా దిద్దేసి మొదటినుంచీ అట్లాగే ఉన్నట్టు కనబడడమూ అంతే. మొదటి ముద్రణ కొన్నవాడి ఇంట్లో ఆ తప్పు బతికే ఉంటుంది.

4. ఊరి నుంచి తెచ్చుకున్న మాటను అచ్చుకు ముందు ఊళ్లోనే చదివి వినిపించండి. ఇది మాకు అన్నిటికన్నా ముఖ్యం. మా జిల్లాల్లో పురాణాలన్నీ తాటాకుల్లో లేవు. ఒగ్గుకథ చెప్పేవాళ్ల దగ్గర, చిందు భాగవతం ఆడేవాళ్ల దగ్గర, మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ల దగ్గర, గుడి ముందు డప్పు కొట్టేవాళ్ల దగ్గర, పీరుల చావడి చూసుకునే ఫకీరు దగ్గర ఉన్నాయి. వాళ్లు పత్రికలకు వ్యాసాలు రాయరు. వాళ్ల విమర్శ ఉత్తరంగా రాదు. సభలో వెనక వరుస నుంచి లేస్తుంది, కొన్నిసార్లు కోపంగానే లేస్తుంది, వాక్యం కుదురుగా ఉండదు. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయకండి. మీ పుస్తకానికి మొదటి ఆధారం వాళ్ల నోటి మాటే అయినప్పుడు, ఆ మాట తప్పుగా పడిందని చెప్పే హక్కు కూడా మొదట వాళ్లదే. ఒక్కరి మాట విని ‘గ్రామస్థుల కథనం’ అని రాయకండి. ఎవరు, ఏ వాడవాళ్లు, ఎప్పుడు చెప్పారో రాసి పెట్టుకోండి. పేరు బయటపడితే చెప్పిన మనిషికి ప్రమాదమనుకుంటే పేరు దాచండి, కానీ ఎంతమందిని అడిగారో దాచకండి. ఒకే సంగతిని రెండు వాడలు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయండి.

5. శాసనం వాడుకుంటే ఊరు, మండలం, పాత తాలూకా, సంపుటం, శాసన సంఖ్య ఇవ్వండి, వీలైతే ఫొటో వేయండి. చూసింది ఎంతో, ఊహించింది ఎంతో విడిగా చెప్పండి. ‘అయి ఉండవచ్చు’ అని ఒక పేజీలో రాసి, పది పేజీల తర్వాత దాన్నే రుజువైన సంగతిగా వాడుకోవడం మత చరిత్ర పుస్తకాల్లో మేం తరచుగా చూస్తున్నాం.

6. భయంతో పుస్తకం వెనక్కి తీసుకోకండి. ప్రచురణకర్తలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాం. 2014 ఫిబ్రవరిలో అమెరికా పరిశోధకురాలు వెండీ డోనిగర్ రాసిన హిందూ మత చరిత్ర పుస్తకాన్ని ఇక్కడి ఆమె ప్రచురణ సంస్థ కేసు రాజీ చేసుకొని మార్కెట్ నుంచి తీసేసింది. మరుసటి ఏడు ఇంకొకరు దాన్ని మళ్లీ వేశారు. ఈ మధ్యలో అందరూ మాట్లాడింది నిషేధం గురించే. అందులోని వాస్తవాల మీద శ్రద్ధగా అభ్యంతరాలు రాసినవాళ్ల మాట ఆ గోలలో వినపడలేదు. మీ మాట నిజమని మీకు ఇప్పటికీ అనిపిస్తే క్షమాపణ చెప్పకండి. తప్పని తేలితే దిద్దండి. అరుపులు ఎంత గట్టిగా వచ్చాయన్నదాన్ని బట్టి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోకండి.

7. ముందుమాటలు రాసే ఆచార్యులారా, మీ పేరు చూసి పుస్తకం కొనేవాళ్లున్నారు. కనీసం ప్రధాన ఆధారాన్నయినా మూలంతో సరిచూశాకే రాయండి. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం మా ప్రాంతపు మత చరిత్ర మీద వచ్చే పుస్తకాలకు బహిరంగ చర్చ పెట్టాలి. రచయిత ఒక పక్క, ఊరివాళ్లు ఒక పక్క కూర్చోవాలి. శాసన సంపుటాలు బల్ల మీద ఉండాలి. మైకు ఎవరి చేతి నుంచీ లాక్కోకూడదు.

అభ్యంతరం చెప్పేవాళ్లకు

ఈ లేఖను చూపించి రచయితల మీదికి పోదామని ఎవరైనా అనుకుంటే మేం వాళ్ల పక్షం కాదు. పుస్తకం కొనండి, లేదా గ్రంథాలయంలో తీసుకోండి, మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఏ పేజీలో ఏ వాక్యం తప్పో, ఎందుకు తప్పో రాయండి. మీ మనసు నొచ్చిందని చెప్పుకోవడానికి మీకు హక్కు ఉంది, కానీ నొప్పి ఒక్కటే ఆ వాక్యాన్ని తప్పు చేయదు. రచయిత కులం, మతం, ఇంటివాళ్ల పేర్లు మీ విమర్శలోకి రాకూడదు. ఇంటిమీదికి పోతామన్న మాట ఎవరి నోట వచ్చినా, వాళ్లు మా సొంత మనుషులైనా, పోలీసులకు మేమే చెప్తాం. మాలోని వకీలు అటువంటి కేసులో రచయిత తరఫున ఫీజు లేకుండా నిలబడతానన్నారు.

ఆ పుస్తకం రాసిన రచయితకు ఈ లేఖ ప్రతిని, శాసనం పేజీల నకళ్లను మళ్లీ పంపుతున్నాం. డప్పు కుటుంబాల పెద్ద చెప్పిన సంగతులను ఆయన అనుమతితో రాసిపెట్టాం. రచయిత వస్తానంటే ఊరికి మేమే వెంట తీసుకొని పోతాం, వాళ్ల వాకిట్లోనే కూర్చోబెడతాం. అక్కడ విన్న తర్వాత కూడా తన మాటే సరైనదని ఆయనకు అనిపిస్తే అదే రాయవచ్చు. ఆయన జవాబు ఏదైనా, మాకు నచ్చినా నచ్చకపోయినా, ఒక్క అక్షరం మార్చకుండా వచ్చే జాతర ముందు కమిటీ కూర్చున్నప్పుడు ఊళ్లో అందరి ముందూ చదివి వినిపిస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తోటి పాఠకులు
నల్లగొండ